‘అలవాటైపోయింది’ అనిపించే నిద్రలేమి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో నిద్ర పట్టకపోవడం గురించి రాసినప్పుడు, వచ్చే ఉత్తరాలన్నీ రాత్రుల గురించే ఉంటాయని అనుకున్నాను. తీరా చూస్తే సగానికి పైగా ఉత్తరాలు పగటి గురించి వచ్చాయి. పనిలో తప్పులు దొర్లుతున్నాయని, చదివింది నిలవడం లేదని, బండి నడుపుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయని, ఊరికే కోపం వస్తోందని రాశారు. వాటిలో ఏడింటిని పేర్లు తీసేసి, కాస్త కుదించి ఇక్కడ ఇస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలు అడిగిన మిగతావారు కూడా తమ జవాబును వీటిలోనే వెతుక్కోవాలని మనవి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. ఒక సంస్థలో పద్దులు చూస్తాను. రెండేళ్ళుగా రాత్రి పన్నెండు దాటాక పడుకుని ఉదయం ఐదున్నరకు లేస్తున్నాను. మొదట్లో కష్టంగా ఉండేది, తరువాత అలవాటైపోయింది. పగలు కునికిపాట్లు కూడా పడను. కానీ ఈమధ్య 6,540 వేయాల్సిన చోట 6,450 వేయడం, ఒకే బిల్లును రెండుసార్లు ఎక్కించడం, చదివిన వాక్యాన్నే మళ్ళీ మొదటినుంచి చదవడం జరుగుతున్నాయి. మతిమరుపు జబ్బు మొదలైందేమోనని భయంగా ఉంది. అలవాటైపోయిన నిద్ర వల్ల కూడా ఇలా అవుతుందా?

జవాబు: తప్పకుండా అవుతుంది. మీ ఉత్తరంలో అంకెల తప్పుల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ‘అలవాటైపోయింది’ అన్న మాట. చాలీచాలని నిద్రకు మెదడు అలవాటుపడదు. నిద్ర చాలలేదని మనకు చెప్పే లోపలి హెచ్చరిక మాత్రం కొద్ది రోజుల్లోనే మొద్దుబారిపోతుంది. ఆ తరువాత నష్టం రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది, మనకు మాత్రం అంతా కుదుటపడినట్టే అనిపిస్తుంది.

దీన్ని స్పష్టంగా చూపిన ప్రయోగ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 48 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలోనే ఉంచి, కొందరిని రాత్రికి 8 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 4 గంటలు మాత్రమే పడకమీద ఉండనిచ్చి, 14 రోజులపాటు అలాగే కొనసాగించారు. ఇంకొందరిని మూడు రోజులు అసలు నిద్రపోనివ్వలేదు. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి వాళ్ళకు కొన్ని పరీక్షలు పెట్టారు. వాటిలో ముఖ్యమైనది చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఎదురుగా ఒక చిన్న కిటికీ లాంటి తెర, చేతి కింద ఒక మీట. తెర ఖాళీగా ఉంటుంది. రెండు సెకన్ల తరువాతో పది సెకన్ల తరువాతో, ఎప్పుడో చెప్పలేం, తెరమీద ఎర్రటి అంకెలు పరుగెత్తడం మొదలవుతుంది. కనబడగానే మీట నొక్కాలి. అంకెలు ఆగిపోయి, నొక్కడానికి ఎంత సమయం పట్టిందో సెకనులో వెయ్యో వంతు లెక్కన చూపిస్తాయి. మళ్ళీ తెర ఖాళీ, మళ్ళీ ఎదురుచూపు. పది నిమిషాలు ఇంతే. నిద్ర చాలినవారు ఇంచుమించు పావు సెకనులో నొక్కుతారు. అర సెకను దాటితే ఆ క్షణం ఆ మనిషి అక్కడ లేనట్టే లెక్క.

రాత్రికి 6 గంటలు మాత్రమే పడుకున్నవారిలో ఇలా ‘లేని క్షణాలు’ రోజురోజుకూ పెరుగుతూ పోయి, రెండు వారాలు పూర్తయ్యేసరికి ఒక రాత్రంతా నిద్ర లేనివారి స్థాయికి చేరాయి. 4 గంటలవారు రెండు రాత్రులు కన్ను మూయనివారితో సమానమయ్యారు. ఇంతవరకు ఊహించగలిగేదే. కానీ ‘మీకు ఎంత నిద్రమత్తుగా ఉంది?’ అని అడిగినప్పుడు వాళ్ళు ఇచ్చిన జవాబులు మొదటి కొన్ని రోజులు పెరిగి, ఆ పైన దాదాపు అక్కడే నిలిచిపోయాయి. పద్నాలుగో రోజున, పరీక్షలో అంతకుముందెన్నడూ లేనంత అధ్వానంగా చేస్తూ కూడా, తమకు కొద్దిగా మత్తుగా ఉందని మాత్రమే అన్నారు. మీ రెండేళ్ళను ఆ పద్నాలుగు రోజుల పక్కన పెట్టి చూడండి.

కళ్ళు తెరిచి ఉండగానే ఇలా ఎందుకు జరుగుతుందో కొంతవరకు తెలుసు. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది, నిద్రలో అది తగ్గుతుంది. చాలినంత నిద్రపోకపోతే నిన్నటి బాకీ మిగిలి ఉండగానే ఈనాటిది దానిమీద చేరుతుంది. 2011లో ఎలుకల మీద జరిపిన ఒక పరిశోధన ఇంకొక సంగతి చూపింది. ఎక్కువసేపు మేలుకొలిపి ఉంచిన ఎలుకలు చూడటానికి చురుగ్గానే తిరుగుతున్నా, వాటి మెదడు పొరలో కొన్ని నాడీకణాల గుంపులు ఉన్నట్టుండి క్షణకాలం ఆరిపోయి మళ్ళీ వెలుగుతున్నాయి. చక్కెర గుళికను చేతితో అందుకునే పనిలో, ఆ పనికి సంబంధించిన భాగంలో ఆ క్షణాన కణాలు ఆరిపోతే ఎలుక గురి తప్పేది. మనుషుల్లోనూ మెదడు మొత్తం నిద్రపోకముందే దానిలోని చిన్న చిన్న భాగాలు ఇలా కునుకు తీస్తాయనడానికి ఆధారాలున్నాయి. మీ 6,540 ఎలా 6,450 అయిందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. శిక్షణలో ఉన్న రోజుల్లో, విరామం లేని డ్యూటీలో ముప్పయ్యో గంట నడుస్తుండగా ఒక రోగికి మందు రాసిచ్చాను. కొద్దిసేపటికి అనుభవజ్ఞురాలైన నర్సు ఆ కాగితం పట్టుకుని వచ్చి, ‘డాక్టర్ గారూ, ఈ మోతాదు ఒకసారి చూస్తారా?’ అన్నారు. చూశాను, సరిగానే ఉందన్నాను. ఆవిడ కదల్లేదు. మళ్ళీ చూశాను, సరిగానే కనిపించింది. ‘చుక్క ఎక్కడుందో చూడండి’ అని ఆవిడ వేలు పెట్టి చూపించాక గానీ, దశాంశ బిందువు ఒక స్థానం కుడివైపుకు జరిగి మోతాదు పదింతలు అయిందని నాకు తెలియలేదు. ఆ సమయంలో నిద్ర వస్తోందా అని ఎవరైనా అడిగి ఉంటే, లేదని మనస్ఫూర్తిగా చెప్పేవాణ్ణి. ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2004లో బోస్టన్‌లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 24 గంటలకు మించిన డ్యూటీలు చేసిన శిక్షణ వైద్యులు, పనిగంటలు తగ్గించినప్పటి కన్నా 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేశారని తేలింది.

పగలు కునికిపాట్లు పడటం లేదన్నారు. లేచి తిరగడం, మాట్లాడటం, ఫోన్ మోగడం, వెలుతురు, కాఫీ ఇవన్నీ మత్తును కప్పిపెట్టగలవు. ఒక మధ్యాహ్నం ఫోన్ పక్కన పెట్టి, మసక వెలుతురులో పావుగంట ఊరికే కూర్చుని చూడండి. కన్ను అంటుకుంటే బాకీ ఉన్నట్టే. అలారం లేకుండా సమయానికి లేవలేకపోవడం, సెలవు రోజున రెండు మూడు గంటలు ఎక్కువ నిద్రపోవడం కూడా అదే చెబుతాయి.

మతిమరుపు జబ్బు అవునా కాదా అన్నది ఉత్తరం చూసి తేల్చే విషయం కాదు. అయితే మీరు రాసిన లక్షణాలు నిద్రలేమికి అతికినట్టు సరిపోతున్నాయి, పైగా దాన్ని పరీక్షించి చూడటం మీ చేతిలో ఉంది. పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని అమెరికాలోని రెండు ప్రధాన నిద్ర వైద్య సంఘాలు 2015లో సంయుక్తంగా సిఫారసు చేశాయి. మూడు వారాలపాటు పదిన్నరకల్లా పడుకుని, ప్రతిరోజూ పనిలో దొరికిన తప్పులను ఒక పుస్తకంలో రాసుకోండి. ఎలా అనిపిస్తోందన్నది రాయవద్దు, తప్పుల సంఖ్య మాత్రమే రాయండి, ఎందుకంటే ఈ విషయంలో మన అభిప్రాయం నమ్మదగిన సాక్ష్యం కాదు. మూడు వారాల తరువాత కూడా మార్పు లేకపోతే, లేదా తెలిసిన పేర్లు, దారులు మరిచిపోతున్నారని ఇంట్లోవాళ్ళు గమనిస్తే వైద్యుణ్ణి కలవండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మానసిక కుంగుబాటు కూడా ఇలాంటి లక్షణాలనే కలిగిస్తాయి, మూడింటికీ చికిత్స ఉంది.

ప్రశ్న: రాత్రి షిఫ్టులో పనిచేస్తాను. ఉదయం ఆరింటికి కారు నడుపుకుంటూ నలభై నిమిషాలు ప్రయాణించి ఇంటికి చేరతాను. నిద్ర ముంచుకొస్తుంటే అద్దం దించి, పాటలు పెద్దగా పెట్టుకుని నెట్టుకొస్తున్నాను. పోయిన వారం ఒక రోజు రెండు మలుపులు ఎలా దాటానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఏదైనా ఉపాయం చెప్పండి.

జవాబు: ఉపాయాల సంగతి తరువాత. ఆ పరిస్థితిలో మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవద్దని ముందుగా వేడుకుంటున్నాను. గుర్తులేని ఆ రెండు మలుపుల దగ్గర మీరు పరధ్యానంలో ఉండి ఉండవచ్చు, కానీ కొన్ని సెకన్లు నిజంగానే నిద్రపోయి ఉండే అవకాశమే ఎక్కువ. దీన్ని క్షణనిద్ర అనవచ్చు. కొన్నిసార్లు కళ్ళు తెరిచే ఉంటాయి, చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, మెదడు మాత్రం బయటి ప్రపంచాన్ని అందుకోదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకులో దాదాపు 90 మీటర్ల రోడ్డును మీరు చూడకుండానే దాటేస్తారు, ఆ 90 మీటర్లలో బ్రేకు మీద కాలు పడదు.

మీ విషయంలో రెండు కారణాలు ఒకచోట కలుస్తున్నాయి. ఒకటి, రాత్రంతా మేలుకోవడం వల్ల పేరుకున్న నిద్ర ఒత్తిడి. రెండోది, శరీరంలోని జీవగడియారం. తెల్లవారుజామున చురుకుదనం ఇరవైనాలుగు గంటల్లోకెల్లా అట్టడుగున ఉంటుంది, మీరు బయలుదేరేసరికి ఆ మాంద్యం ఇంకా పూర్తిగా వదలదు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకే మనుషులకు ఒకసారి మద్యం తాగించి, ఇంకొకసారి నిద్ర లేకుండా ఉంచి, కన్నూ చెయ్యీ కలిసి చేసే పనిలో పోల్చి చూశారు. వరుసగా 17 గంటలు మేలుకున్నవారి నైపుణ్యం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి పడిపోయింది. చాలా దేశాల్లో వాహనం నడపడానికి చట్టం విధించిన హద్దు అదే. 24 గంటలు మేలుకుంటే దాదాపు 0.10 శాతంతో సమానమైంది. తాగి కారు నడపమంటే మీరు ఒప్పుకోరని నాకు నమ్మకం.

అద్దం దించడం వల్ల, పాటల వల్ల ఒరిగేది చాలా తక్కువ. పరీక్షించి చూసినప్పుడు వాటి ప్రభావం కొద్ది నిమిషాలు ఉండి కరిగిపోయింది. కాఫీకీ చిన్న కునుకుకూ మాత్రం నిజమైన ఫలితం కనిపించింది. రెండూ కలిపితే ఇంకా మేలు. కెఫీన్ పనిచేయడానికి ఇంచుమించు అరగంట పడుతుంది కనుక, బయలుదేరే ముందే కాఫీ తాగి, పని చేసే చోటనే పదిహేను ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని కన్ను మూయండి. లేచాక మరో పది పదిహేను నిమిషాలు నడిచి, మొహం కడుక్కుని, మబ్బు పూర్తిగా విడిచాకే తాళంచెవి తీయండి. దారిలో కళ్ళు మూతలు పడటం మొదలైతే, ‘ఇంకా కొంచెం దూరమే’ అనుకోకుండా సురక్షితమైన చోట బండి ఆపండి. ఇది ఆ రోజుకు ప్రాణం కాపాడే పద్ధతి మాత్రమే, నిద్రకు బదులు కాదు. వీలైతే ఆ నలభై నిమిషాలూ బస్సులోనో, మరొకరు నడిపే వాహనంలోనో ప్రయాణించండి. షిఫ్టుకు ముందు సాయంత్రం గంట గంటన్నర నిద్రపోండి.

మీ యాజమాన్యంతో కూడా మాట్లాడండి. డ్యూటీ మధ్యలో కునుకు అంటే బద్ధకమన్న అభిప్రాయం చాలా చోట్ల ఉంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దూరప్రయాణాల పైలట్ల మీద జరిపిన అధ్యయనంలో, వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చినప్పుడు వాళ్ళు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తరువాత వాళ్ళ చురుకుదనం స్పష్టంగా మెరుగుపడింది. విశ్రాంతి ఇవ్వని పైలట్లలో ప్రయాణం చివరి దశలో, విమానం కిందికి దిగే సమయంలో కూడా, క్షణనిద్రలు నమోదయ్యాయి. కునుకు కూడా పనిలో భాగమేనని వాదించడానికి మీకు ఈ ఆధారం పనికొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు. పరీక్షలకు నెల రోజులుంది. రాత్రి రెండింటిదాకా చదువుతాడు, ఆరింటికి మేమే లేపుతాం. ఎంత చదివినా గుర్తుండటం లేదని ఏడుస్తున్నాడు. ఇంకా ఎక్కువసేపు చదవమనాలా?

జవాబు: వద్దు, దయచేసి ఆ మాట అనకండి. అబ్బాయి పడుతున్న కష్టంలో సగం ఆ నాలుగు గంటల నిద్రే నీరుగారుస్తోంది. 13 నుంచి 18 ఏళ్ళ వయసులో రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం.

నిద్ర జ్ఞాపకానికి రెండు వైపుల నుంచి సాయపడుతుంది. చదవడానికి ముందు చాలినంత నిద్ర లేకపోతే, కొత్త విషయాన్ని మెదడు సరిగా నమోదు చేసుకోలేదు, పేజీ మీద కళ్ళు పోతుంటాయి గాని లోపలికి ఏదీ దిగదు. చదివిన తరువాత నిద్ర లేకపోతే, నమోదైనది కూడా గట్టిపడదు. ఇది ఈనాటి సంగతేమీ కాదు. 1924లోనే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల వరుసలు కంఠస్థం చేయించి చూశారు. నేర్చుకున్న తరువాత అన్ని గంటలూ మేలుకుని ఉన్నప్పటికన్నా, అన్నే గంటలు నిద్రపోయినప్పుడు వాళ్ళకు చాలా ఎక్కువ అక్షరాలు గుర్తున్నాయి. ఇంకొకటి, కలలు ఎక్కువగా వచ్చే దశ రాత్రి చివరి భాగంలో దట్టంగా ఉంటుంది. ఆరింటికే లేపేస్తే నిద్రలో పోయేది సగమే అయినా, ఆ దశలో సగానికన్నా ఎక్కువే పోతుంది.

ఒక మాట అబ్బాయి తరఫున చెబుతాను. ఈ వయసులో జీవగడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పదింటికే పడుకోమంటే నిద్ర పట్టకపోవడం, ఉదయం లేవలేకపోవడం మొండితనం కాదు. పదకొండుకల్లా పుస్తకం మూయించి ఏడింటిదాకా పడుకోనివ్వండి. కష్టమైన పాఠాన్ని ఉదయం, తేలికైన పునశ్చరణను సాయంత్రం పెట్టుకోమనండి. తగ్గిన చదువు గంటలు చూసి మొదటి వారం మీకే గుబులుగా ఉంటుంది. గంటలు లెక్కపెట్టడం మాని, ముందురోజు చదివిన పాఠంలోంచి పది ప్రశ్నలు అడిగి చూడండి.

ప్రశ్న: వారమంతా ఐదు గంటలు పడుకుని ఆదివారం పదకొండింటిదాకా నిద్రపోతే లెక్క సరిపోతుంది కదా?

జవాబు: సరిపోదు, కొంత మాత్రమే తీరుతుంది. అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనా సంస్థలో ఏడు రాత్రులు 3, 5, 7 గంటల చొప్పున మాత్రమే పడక సమయం ఇచ్చి, ఆ తరువాత వరుసగా మూడు రాత్రులు 8 గంటలు పడుకోనిచ్చారు. ఆ మూడు రాత్రుల తరువాత కూడా వాళ్ళ ప్రతిస్పందన వేగం మొదటి స్థాయికి రాలేదు. పైగా ఆదివారం పదకొండింటికి లేచినవారికి ఆ రాత్రి పెందలాడే నిద్ర పట్టదు, సోమవారం మళ్ళీ అప్పుతోనే మొదలవుతుంది. సెలవు రోజున ఒక గంట ఎక్కువ నిద్రపోవడంలో తప్పులేదు. మిగతా బాకీని ఉదయం పొడిగించి కాకుండా, వారంలో నాలుగైదు రాత్రులు ముప్పావుగంట ముందు పడుకుని తీర్చుకోండి.

ప్రశ్న: కొందరు గొప్పవాళ్ళు రోజుకు నాలుగు గంటలే నిద్రపోయేవారని చదివాను. ఒక అమెరికన్ కుర్రవాడు పదకొండు రోజులు మేలుకుని కూడా మామూలుగానే ఉన్నాడట. నిద్ర తగ్గించుకోవడం సాధనతో రాదా?

జవాబు: రాదు. పుట్టుకతోనే తక్కువ నిద్రతో సరిపెట్టుకోగల మనుషులు ఉన్నారు, కానీ బహు అరుదు. 2009లో అలాంటి ఒక కుటుంబంలో డెక్2 అనే జన్యువులో మార్పును గుర్తించారు. ఆ మార్పు ఉన్నవారు కూడా సగటున ఆరుంపావు గంటలు నిద్రపోయేవారు, నాలుగు గంటలు కాదు. పైగా వాళ్ళు సెలవు రోజుల్లో, అలారం లేకుండా కూడా, అంతే నిద్రపోయి హుషారుగా లేస్తారు. అది జన్యువుల వల్ల వచ్చేది, సాధనతో రాదు.

మీరు చదివిన కుర్రవాడు రాండీ గార్డ్‌నర్. 17 ఏళ్ళ వయసులో, 1964 జనవరిలో, 264 గంటల మెలకువను పూర్తిచేశాడు. చివరి రోజున విలేఖరుల ఎదుట తడబడకుండా మాట్లాడాడన్న మాట నిజమే. అయితే అతణ్ణి పరిశీలించిన వైద్యుడు అదే పదకొండో రోజున, వందలోంచి ఏడు తీసివేస్తూ పొమ్మన్నాడు. 93, 86, 79, 72, 65 దాకా వచ్చి కుర్రవాడు ఆగిపోయాడు. ఎందుకు ఆపావని అడిగితే, ఏం చేస్తున్నాడో మరిచిపోయానన్నాడు. చూసినవాళ్ళకు అతడి మాటలు వినిపించాయి, ఆ లెక్క దగ్గర అతడు ఆగిపోయిన సంగతి ఆ వైద్యుడికి మాత్రమే తెలిసింది.

ప్రశ్న: నాకు ఐదు నెలల పాప. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి. అన్నీ కలిపితే ఆరు గంటలు పడుకుంటున్నానేమో, అయినా పొద్దున్నే ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంటుంది. చిన్న మాటకే మా ఆయన మీద అరుస్తున్నాను, తరువాత బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తున్నాను. నేను ఇలాంటి మనిషిని కాదు డాక్టర్ గారూ.

జవాబు: కాదమ్మా, మీరు ఇలాంటి మనిషి కాదు. ఆ మాట మీరు నమ్మాలనే ఈ ఉత్తరాన్ని ప్రత్యేకంగా ఎంచుకున్నాను. నిద్రకు నిడివి ఎంత ముఖ్యమో, తెగకుండా సాగడం అంతే ముఖ్యం. గంటన్నరకోసారి తెగిపోయే ఆరు గంటలు, ఒకే పట్టున పోయిన ఆరు గంటలకు సమానం కావు, ఎందుకంటే లేచిన ప్రతిసారీ గాఢనిద్రలోకి మళ్ళీ మొదటినుంచి దిగాలి. ఇక కోపం సంగతి. 2007లో ఒక రాత్రి నిద్ర లేనివారికి మనసును కలచివేసే చిత్రాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, భయానికీ కోపానికీ స్పందించే అమిగ్డాలా అనే భాగం, నిద్రపోయినవారిలో కన్నా 60 శాతం ఎక్కువగా ఉలిక్కిపడింది. దాన్ని అదుపులో ఉంచే ముందు భాగంతో దానికి ఉండే సంబంధం కూడా బలహీనపడింది. మీరు అరుస్తున్నది ఆ స్థితిలో ఉన్న మెదడుతో.

మీకు కావలసింది ఓర్పు గురించిన ఉపదేశం కాదు, తెగని నాలుగైదు గంటలు. ఇది మీ ఒక్కరితో అయ్యే పని కాదు కనుక ఈ పేజీని మీ వారికి కూడా చూపించండి. రాత్రిని రెండు భాగాలు చేసుకోండి. తొమ్మిదింటి నుంచి రెండింటిదాకా పాపను ఆయన చూసుకోవాలి, మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. తల్లిపాలు ఇస్తుంటే ముందే పిండి ఉంచవచ్చు, లేదా పాపను ఆయనే తెచ్చి, పాలు తాగగానే ఆయనే తీసుకెళ్ళి పడుకోబెట్టవచ్చు. బట్టలు మార్చడం, జోకొట్టడం మీ నిద్రలోంచి పోయినా అదే చాలా మేలు. ఆయనా పగలు పనికి వెళ్ళే మనిషే కనుక, ఇంట్లో సాయం చేయగల మూడో మనిషి ఉంటే వారానికి రెండు రాత్రులైనా అడగండి.

ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా మనసు లేకపోయినా, మీకు గాని పాపకు గాని హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది వట్టి నిద్రలేమి కాకపోవచ్చు. కాన్పు తరువాత వచ్చే కుంగుబాటు అయ్యుండవచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. ఇంట్లోవాళ్ళకు ఆ రోజే చెప్పి, వెంటనే వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోతాను. అయినా మధ్యాహ్నం మీటింగుల్లో, సాయంత్రం టీవీ ముందు, ఒకసారి సిగ్నల్ దగ్గర కారు ఆపినప్పుడు కూడా నిద్రపోయాను. గురక పెడతానని మా ఆవిడ అంటుంది. నాకేమీ తెలియదు. బరువు కొంచెం ఎక్కువే.

జవాబు: సిగ్నల్ దగ్గర ఆగి నిద్రపోవడం సాధారణ అలసట కాదు. మీరు రాసినదంతా చూస్తే నిద్రలో శ్వాస ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉందేమోనని అనుమానించాలి. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది, గాలి పది సెకన్లో అంతకన్నా ఎక్కువసేపో ఆగిపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి శ్వాస తీయిస్తుంది. తీవ్రంగా ఉన్నవారిలో ఇది గంటకు 30 సార్లు, ఇంకా ఎక్కువ కూడా జరుగుతుంది. ఆ మెలకువలు క్షణకాలమే కనుక ఉదయానికి ఒక్కటీ గుర్తుండదు, గడియారం మాత్రం ఎనిమిది గంటలు చూపిస్తుంది.

ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళిని వైద్యులు మీ చేత పూర్తిచేయిస్తారు. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో నిద్ర పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో 10 దాటితే పగటి మత్తు మితిమీరినట్టు. ఆ తరువాత ఒక రాత్రి నిద్రను యంత్రాలతో పరిశీలిస్తారు. జబ్బు ఉందని తేలితే, మాస్కు ద్వారా గాలిని మెల్లగా ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం చాలామందికి మొదటి వారాల్లోనే పగటిని తిరిగి ఇస్తుంది. బరువు తగ్గడం కూడా తోడ్పడుతుంది. పరీక్ష అయ్యేదాకా రాత్రిపూట మద్యం, నిద్రమాత్రలు ముట్టకండి, అవి గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. కారు కూడా నడపకండి.

వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు మీ ఆవిడను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. గురక మధ్యలో ఉన్నట్టుండి నిశ్శబ్దం వస్తుందా, ఆ తరువాత ఊపిరాడనట్టు ఎగశ్వాస తీస్తారా అని వైద్యుడు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండదు, ఆవిడ దగ్గరే ఉంటుంది.